బొగ్గు బెల్టులో వాణిజ్య మండలి: స్థానిక అభివృద్ధి, విధాన వాదన

వాణిజ్య మండలి అంటే ఒక ఊరి వర్తకులు, చిన్న పరిశ్రమల వాళ్లు, హోటళ్లు, లారీలు, మరమ్మతు షెడ్లు నడిపేవాళ్లు తమంతట తాము కట్టుకునే సంఘం. తెలుగునాట జనం దీన్ని 'చాంబర్ ఆఫ్ కామర్స్' అంటారు, పొట్టిగా 'చాంబర్' అంటారు. సభ్యుల మధ్య తగవులు తీర్చడం, దుకాణాల సెలవు రోజులు ఖాయం చేయడం, పండుగలకు అన్నదానం పెట్టడం వంటి పనులు ఏ వర్తక సంఘమైనా చేస్తుంది. చాంబర్‌కు ప్రత్యేకత తెచ్చేది విధాన వాదన. పన్ను, రోడ్డు, రైలు, కరెంటు, భూమి, కొత్త పరిశ్రమ వంటి విషయాల్లో ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చేముందు, దానివల్ల ఊరి బతుకుదెరువు ఎటు పోతుందో లెక్కతో చెప్పడమే ఈ వాదన. ఒక వ్యాపారికి లైసెన్సు ఇప్పించడానికి తిరిగితే అది పైరవీ. ఆ లైసెన్సు రుసుము ఊరి చిన్న దుకాణాలు మోయలేనంతగా ఉందని ఆధారాలతో చూపిస్తే అది వాదన. రెండింటికీ మధ్య గీత చెరిగిపోయిన ఊళ్లో చాంబర్ మాటకు అధికారుల దగ్గరా విలువ ఉండదు, జనం దగ్గరా ఉండదు.

ఈ వాదన ఎంత అవసరమో, ఎంత కష్టమో సింగరేణి బొగ్గు బెల్టులో స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని మొదలు గోదావరి దాటి మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వరకు ఊళ్ల ఆర్థిక జీవనం ఒకే కంపెనీ చుట్టూ అల్లుకుంది. మందమర్రి, బెల్లంపల్లి పక్కనే కాసిపేట మండలం ఉంది. పేరు దగ్గరగా ఉన్నా ఇది వరంగల్ పక్కనున్న కాజీపేట రైల్వే జంక్షన్ కాదు. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నుంచి వేరుపడిన మంచిర్యాల జిల్లాలోనిది. ఈ ఒక్క మండలంలో మందమర్రి ఏరియా కిందికి వచ్చే కాసిపేట-1, కాసిపేట-2 భూగర్భ గనులున్నాయి, దేవాపూర్‌లో 1982 నుంచి నడుస్తున్న సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, గోండు, కొలాం గూడేలున్నాయి, సోమగూడెం మీదుగా పోయే మంచిర్యాల–చంద్రాపూర్ రహదారి ఉంది. బెల్టు ఆర్థిక ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఇటువంటి మండల కేంద్రాల వర్తకుల మాట సాధారణంగా దగ్గరి పట్టణాల సంఘాల ద్వారానే పైకి పోతుంది. గోదావరిఖని, మంచిర్యాల పట్టణాల్లో చాంబర్ ఆఫ్ కామర్స్ పేరుతోనే సంఘాలు పనిచేస్తున్నాయి.

పుట్టుక

పాలకుడికీ వర్తకుడికీ మధ్య ఒప్పందం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు కాజేసే పాత అలవాటును మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు హామీ ఇచ్చింది. సుంకం ఎంతో ముందే తెలియాలి, పెట్టుబడికి భద్రత ఉండాలి అన్న ఆ రెండు కోరికలే నేటి చాంబర్ల వినతి పత్రాల్లోనూ ముందుంటాయి.

ఆధునిక రూపం మాత్రం ఐరోపా నుంచి వచ్చింది. మొదటి చాంబర్ 1599లో ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో ఏర్పడింది. ఫ్రాన్సు, జర్మనీ వంటి దేశాల్లో చాంబర్లకు చట్టమే హోదా ఇస్తుంది, వ్యాపార సంస్థలన్నీ అందులో సభ్యులు కావడం తప్పనిసరి. బ్రిటన్ పద్ధతి వేరు, ఇష్టమున్నవారే చేరతారు. భారతదేశానికి వచ్చింది ఈ రెండో పద్ధతి. 1830ల్లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఆంగ్ల వర్తకులు చాంబర్లు పెట్టుకున్నారు. తెలుగు వ్యాపారుల కోసం ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ 1928లో మద్రాసులో మొదలైంది. నిజాం రాజ్యంలో 1917లో పుట్టిన హైదరాబాద్ సంస్థ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఫెడరేషన్‌గా పెరిగి, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్యగా మారింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఈ సమాఖ్యే నేడు జిల్లాల గోడు సచివాలయానికీ, కేంద్ర ఆర్థిక శాఖకూ చేర్చే ప్రధాన దారి.

స్వచ్ఛంద పద్ధతికి ఒక బలహీనత ఉంది. చందా కట్టినవాళ్ల మాటే సంఘం మాట అవుతుంది. బొగ్గు పట్టణాల్లో బంగారం, బట్టలు, కిరాణా, హార్డ్‌వేర్ వర్తకులకు విడివిడిగా సంఘాలుంటాయి, వాటి ప్రతినిధులే చాంబర్‌లో పెద్దలవుతారు. తోపుడు బండివాడు, కూరగాయలమ్మే ఆడమనిషి, సంతకు ఇప్పపువ్వు, తేనె తెచ్చే గోండు రైతు సాధారణంగా ఆ జాబితాలో ఉండరు. 'ఊరి వర్తకులందరి తరఫున' అని రాసిన వినతి పత్రాన్ని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

ఒకే కంపెనీ మీద బతికే బజారు

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తేదీని బెల్టంతా నేటికీ సింగరేణి దినోత్సవంగా జరుపుకుంటుంది. ఇల్లందు నుంచి తవ్వకం 1920ల చివర బెల్లంపల్లికి, తర్వాత కొత్తగూడేనికి, 1960 ప్రాంతంలో గోదావరిఖనికి పాకింది. ఇప్పుడు కంపెనీలో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది.

ఆ వాటాల వల్ల చాంబర్ పని మామూలు పట్టణాల్లో లాగా సాగదు. వరంగల్, ఖమ్మం చాంబర్లకు మార్కెట్ యార్డు ఉంది. మిర్చి ధర, పత్తి తేమ శాతం, హమాలీ కూలి మీద అవి మాట్లాడతాయి, వాటి సరుకు వేల మంది రైతుల నుంచి వస్తుంది. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో వ్యాపారి అమ్మకం గని కార్మికుడి జీతం మీద ఆధారపడుతుంది. ఆ జీతం ఎంత, ఎంతమందికి, ఏ ఊళ్లో అన్నవి తేల్చేది కంపెనీ బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర బొగ్గు శాఖ. ఈ మూడు చోట్లా వర్తకుడికి కుర్చీ లేదు. కార్మికుడికి గుర్తింపు సంఘం ఉంది, ఎన్నికలున్నాయి, వేతన ఒప్పందం ఉంది. అదే జీతం మీద బతికే దుకాణదారుడికి మిగిలింది చాంబర్ ఒక్కటే.

పాత రోజుల్లో ఈ బంధం ఖాతా పుస్తకంలో కనిపించేది. బాయి పనికి పోయే మనిషి పేరు, అతని గని పేరు, షిఫ్టు ఒక పేజీ పైన రాసి ఉండేవి. ఇంటావిడ నెలంతా బియ్యం, నూనె, సబ్బు అరువు మీద తీసుకెళ్లేది, జీతాల రోజున పేజీ కొట్టేసేవారు. గని సమ్మెలో ఉంటే ఆ పేజీ నిండుతూనే పోయేది. తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా పని మానేసినప్పుడు కూడా అంతే. సమ్మె భారంలో కొంత కిరాణా కొట్టు మోస్తుంది. వర్తకులు ఉద్యమాలకు మద్దతుగా షట్టర్లు దించడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు, ఈ లెక్కా ఉంది.

ఆ ఖాతాదారుల సంఖ్య ఇప్పుడు బాగా పడిపోయింది. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా ఉద్యోగులుండేవారు. 1992లోనూ, మళ్లీ 1996లోనూ నష్టాలతో కంపెనీ పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ సంస్థ ముందుకు వెళ్లింది. అక్కడి నుంచి బయటపడే దారిలో స్వచ్ఛంద పదవీ విరమణలు, ఖాళీల భర్తీ నిలిపివేత, ఓపెన్‌కాస్ట్ తవ్వకాల పెంపు వచ్చాయి. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు నలభై వేలకు అటూఇటూ. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. అందులో నూటికి ఎనభైకి పైగా ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వచ్చింది. బొగ్గు పెరిగితే ఊరి వ్యాపారం పెరుగుతుందన్న పాత నమ్మకం ఇక్కడే తెగిపోయింది. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తొలగించే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లది. ఆ యంత్రాల మీద పనిచేసే వేరే రాష్ట్రాల మనుషులు క్యాంపుల్లో ఉండి జీతం సొంతూరికి పంపుతారు. భూగర్భ గని ఒక ఊరిని పోషించినట్టు ఓపెన్‌కాస్ట్ పోషించదు. పైగా పక్కనున్న ఊరిని ఖాళీ చేయిస్తుంది.

బెల్లంపల్లిది ఇదే కథ. ఒకప్పుడు బెల్టుకు ప్రధాన పట్టణాల్లో ఒకటి. ఊరి చుట్టూ భూగర్భ గనులు మూతపడ్డాయి, బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం ఇప్పుడు గోలేటిలో ఉంది. ఏరియాకు పేరు మాత్రమే బెల్లంపల్లిది. ఒక కార్యాలయం తరలిపోతే దానితో పాటు క్యాంటీన్ పాల సరఫరా, జిరాక్సు దుకాణం, టైర్ల మరమ్మతు, కాంట్రాక్టర్ల లాడ్జి గదులు ఒక్కొక్కటే తరలిపోతాయి. ఏ ప్రభుత్వ నివేదికలోనూ ఈ నష్టానికి ఒక పట్టిక ఉండదు. ఆ పట్టిక తయారుచేయగల సంస్థ చాంబర్ ఒక్కటే.

దసరా ముందు వారం

బెల్టు వర్తకులకు కేంద్ర బడ్జెట్ కంటే దగ్గరి తేదీ ఒకటుంది. అది ముఖ్యమంత్రి సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించే రోజు. 2018-19కి 28 శాతంగా ఉన్న వాటా 2022-23కి 32కు, 2023-24కి 33కు, 2024-25కి 34 శాతానికి చేరింది. 2024లో పంచింది 796 కోట్ల రూపాయలు, సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు. 2025లో 819 కోట్లు. దీపావళికి వచ్చే బోనస్ దీనికి అదనం. గోదావరిఖని లక్ష్మీనగర్, కళ్యాణ్‌నగర్ బజార్లలో బట్టల కొట్లు, బంగారం దుకాణాలు, బండ్ల షోరూములు సరుకు తెప్పించేది ఈ తేదీ చూసుకునే. ప్రకటన ఆలస్యమైతే అప్పు చేసి తెప్పించిన సరుకు మీద వడ్డీ పెరుగుతుంది. డబ్బు దసరా దాటాక చేతికొస్తే బట్టల వ్యాపారి ఏడాది పోయినట్టే. అందుకే 'పండుగకు ముందే పంచండి' అన్న కోరికలో కార్మిక సంఘాలు, వర్తకులు ఒకే మాట మీద ఉంటారు.

ఈ విషయంలో చాంబర్లు ఇంకొంచెం లోతుకు వెళ్లాలి. 2023-24లో కంపెనీ లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లను విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్కగట్టారు. మొత్తం లాభం మీద లెక్కిస్తే వాటా 1,551 కోట్లయ్యేది. శాతం పెరిగిందన్న వార్తకు వచ్చిన చప్పట్లు ఏ మొత్తం మీద శాతమన్న ప్రశ్నను కప్పేశాయి. కార్మిక సంఘాలు ఆ ప్రశ్న వేశాయి. బజారుకు సంబంధించిన ప్రశ్న మరొకటి ఉంది: పక్కన పెట్టిన ఆ 2,289 కోట్ల విస్తరణ ఎక్కడ? సింగరేణి 2025లో ఒడిశాలోని నైనీ బ్లాకులో తవ్వకం మొదలుపెట్టింది. కంపెనీ బతకడానికి అది అవసరం కావచ్చు. బెల్టు పట్టణాల్లో ఎంత పెట్టుబడి పెడతారో అడగడం మాత్రం ఇక్కడి చాంబర్ల పని. 2024లో సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికుడి కూలి పెరిగితే ఆ డబ్బు బంగారం షాపుకు పోదు, కిరాణాకూ హోటలుకూ పోతుంది. చిన్న వర్తకులకు నిజమైన మేలు అక్కడుంది. వర్తక సంఘాల వినతుల్లో ఈ మాటకు దక్కాల్సినంత చోటు దక్కడం లేదు.

పన్నులు, బకాయిలు, కరెంటు

వర్తక సంఘాలకు బాగా అలవాటైన రంగం పన్ను. 1957 అమ్మకపు పన్ను చట్టం కాలం నుంచి 2005 ఏప్రిల్‌లో వచ్చిన వ్యాట్, 2017 జూలైలో వచ్చిన జీఎస్టీ వరకు ప్రతి మార్పు సమయంలోనూ జిల్లా చాంబర్లు రెండు పనులు చేశాయి. అభ్యంతరాలు పైకి పంపాయి, పన్ను అధికారులను, ఆడిటర్లను పిలిపించి సభ్యులకు సదస్సులు పెట్టాయి. రెండో పని తక్కువదేమీ కాదు. రిటర్ను గడువు తప్పి జరిమానా కట్టే చిన్న వ్యాపారికి సచివాలయానికి పోయే వినతి కన్నా సాయంత్రం రెండు గంటల పాఠం ఎక్కువ ఉపయోగం.

బొగ్గు మీది పన్ను బెల్టుకు ప్రత్యేకంగా తగులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. టన్ను ధర ఎక్కువున్న మేలు రకం బొగ్గుకు ఒక ఫలితం, తక్కువ రకానికి ఇంకొక ఫలితం వస్తుంది. టన్ను సుమారు 3,077 రూపాయలుంటే పాత భారం, కొత్త భారం సమానం. అంతకంటే చవక బొగ్గు కొనేవారికి పన్ను తగ్గింది, ఖరీదైనది కొనేవారికి పెరిగింది. కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోగల సిమెంటు ఫ్యాక్టరీకీ, ఆ వీలు లేని చిన్న ఇటుక బట్టీకీ తేడా మళ్లీ వేరు. వినతి పత్రానికి బలం ఇటువంటి చిన్న లెక్కల వల్లే వస్తుంది.

బకాయిలది మరో బాధ. పెద్ద కంపెనీలకు విడిభాగాలు, మరమ్మతులు, వాహనాలు సమకూర్చే చిన్న యూనిట్లకు బిల్లు రావడం నెలల పని. 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అయితే చాలామంది దుకాణదారులకు తెలియని మెలిక ఒకటుంది. 2021 జూలైలో చిల్లర, టోకు వర్తకులను కూడా ఉద్యమ్ నమోదులోకి తెచ్చారు, కానీ ప్రాధాన్య రంగ రుణాల వరకే. 45 రోజుల రక్షణ వారికి వర్తించదు. లేత్ మిషన్ మీద బోల్టు తయారుచేసినవాడికి రక్షణ ఉంది, అదే బోల్టు కొని సరఫరా చేసినవాడికి లేదు. సరఫరా వ్యాపారమే ఎక్కువగా ఉన్న పట్టణంలో చాంబర్ పట్టుకోవాల్సిన అంశమిది. ఈ వాదనను జిల్లా స్థాయిలో గెలవలేరు. సమాఖ్య ద్వారా ఢిల్లీకి వెళ్లాలి.

కరెంటు విషయంలో దారి దగ్గరే ఉంది. ఏటా హన్మకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ తన ఖర్చుల లెక్కలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తుంది. మండలి బహిరంగ విచారణ పెట్టి అభ్యంతరాలు వింటుంది. రాతపూర్వకంగా వచ్చిన అభ్యంతరానికి పంపిణీ సంస్థ రాతపూర్వకంగా జవాబివ్వాలి. రాష్ట్ర సమాఖ్య ఈ వేదికను వాడుకుంటుంది. రామగుండంలో ఎన్టీపీసీ, జైపూర్‌లో సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్న నేల మీద, పొగ, బూడిద భరిస్తున్న ఊళ్ల తరఫున జిల్లా చాంబర్లు అక్కడ నిలబడి మాట్లాడితే వినేవారికి కొత్తగా ఉంటుంది.

రైలు మార్గం మీద వాదనకు ఫలితం కొలవడం తేలిక. నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందేభారత్ 2024 సెప్టెంబరులో మొదలైనప్పుడు రామగుండంలో ఆగింది, మంచిర్యాలలో ఆగలేదు. ఊరి నుంచి కోరికలు వెళ్లాయి, 2025లో ఆగడం మొదలైంది. విమానం విషయం అలా కాదు. బసంత్‌నగర్‌లో 1980ల్లో వాయుదూత్ దిగిన రన్‌వే ఉన్నా, రామగుండం విమానాశ్రయం దశాబ్దాలుగా కోరికల జాబితా దాటలేదు.

భూమి

బ్యాంకు రుణం కావాలంటే తాకట్టు కావాలి, తాకట్టుకు పట్టా కావాలి. బెల్టు పట్టణాల్లో చాలా ఇళ్లు, దుకాణాలు సింగరేణి భూమి మీద లేచాయి. అటువంటి ఇళ్ల స్థలాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. వర్తకుడికి ఆ కాగితం చేతికి రావడమంటే నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు నుంచి బ్యాంకు వడ్డీకి మారడం. ఈ ప్రాంతంలో ఏ రాయితీ కన్నా అదే పెద్ద ఆర్థికాభివృద్ధి కార్యక్రమం.

ఏజెన్సీలో సంగతి వేరు. 1959 భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, అంటే జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించడాన్ని చెల్లకుండా చేశాయి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అక్కడ ప్రైవేటు గనుల లీజులకు అడ్డుకట్ట వేసింది. మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతం కావడంతో ఆ పురపాలికకు దశాబ్దాలుగా ఎన్నికలు జరగలేదు. వర్తకులకు ఓటు వేసి ఎన్నుకున్న కౌన్సిలర్ లేడు, లైసెన్సు రుసుము అధికారి చెప్పిందే. ఎన్నికలు కోరడం న్యాయమైన కోరిక. చట్టం సడలించాలని కోరడం మాత్రం న్యాయం కాదు. ఆ చట్టం లేకపోతే కాసిపేట మండలంలో గూడేల చుట్టూ మిగిలిన భూమి ఎప్పుడో చేతులు మారేది. చాంబర్ తన సభ్యత్వాన్ని ఆదివాసీ యువకుల దుకాణాలకు, స్వయం సహాయక సంఘాలకు తెరిచి, వారికి వచ్చే పారిశ్రామిక రాయితీలు అందేలా వెంట నడిస్తే, చట్టం కింద కూడా వ్యాపారం పెరుగుతుంది.

ఖనిజ నిధి

2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ బొగ్గు జిల్లాలకు కొత్త వనరు. వంద రూపాయల బొగ్గు మీద 14 రూపాయలు రాయల్టీ. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద ఆ రాయల్టీలో 30 శాతం, అంటే 4 రూపాయల 20 పైసలు, ఈ నిధికి చేరాలి. కలెక్టర్ ఆధ్వర్యంలో, ప్రజాప్రతినిధులు సభ్యులుగా నడిచే ఈ ట్రస్టు డబ్బు తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణానికి ముందు వెళ్లాలని నియమం. నైపుణ్య శిక్షణ, జీవనోపాధి కూడా ప్రాధాన్య జాబితాలోనే ఉన్నాయి. ఆచరణలో సిమెంటు రోడ్లు, భవనాల మీద మోజు ఎక్కువ. గని బాధిత గ్రామాల యువకులకు శిక్షణ కేంద్రం, కూరగాయల నిల్వకు శీతల గిడ్డంగి, సంతకు పక్కా షెడ్లు అడగడానికి చాంబర్‌కు ఇంతకన్నా మంచి తలుపు లేదు. ఆ తలుపు తట్టాలంటే నిధి ఖర్చుల వివరాలు ముందు చదవాలి.

మూతపడ్డవి, తెరుచుకున్నవి

రామగుండం ఎరువుల కర్మాగారం బొగ్గు ఆధారంగా 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. 2015లో కొత్త సంస్థగా పుట్టి, గ్యాస్ ఆధారంగా 2021లో మళ్లీ యూరియా తీసింది. ఏడాదికి 12.7 లక్షల టన్నులు దాని సామర్థ్యం. నిర్మాణం జరిగిన ఏళ్లలో అద్దె ఇళ్లు, మెస్సులు కళకళలాడాయి, ఉత్పత్తి మొదలయ్యాక ఉద్యోగాలు పాత ఫ్యాక్టరీ నాటి సంఖ్యకు దరిదాపుల్లో లేవు. కాగజ్‌నగర్‌లో 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. దివాలా చట్టం కింద 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లి, రాష్ట్ర ప్రభుత్వ రాయితీల తోడుతో మళ్లీ నడిచింది. నాలుగేళ్ల విరామానికీ ఇరవై రెండేళ్ల విరామానికీ ఊరి బజారులో తేడా చాలా ఉంటుంది. నాలుగేళ్లు అప్పుల మీద ఈదవచ్చు. ఇరవై రెండేళ్లలో ఒక తరం ఊరు వదిలి వెళ్లిపోతుంది.

దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ మూతపడలేదు, చేతులు మారింది. సీకే బిర్లా వర్గానికి చెందిన ఓరియంట్ సిమెంటును 2025లో అదానీ వర్గంలోని అంబుజా సిమెంట్స్ కొనుగోలు చేసింది. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు స్థానిక సరఫరాదారుల ఒప్పందాలు, లారీ యజమానుల లోడింగు వరుస, కాంట్రాక్టు కార్మికుల కొనసాగింపు గురించి కొత్త యాజమాన్యంతో ముందే కూర్చుని మాట్లాడటం చాంబర్‌కు సహజమైన పాత్ర. పత్రికల్లో ఈ మాటలకు చోటు తక్కువ, ఊళ్లో వీటి ఫలితం ఎక్కువ.

గని తర్వాత

బెల్టు చాంబర్ల ముందున్న అతి పెద్ద విషయం బొగ్గు అయిపోవడం. కొత్త బ్లాకుల కేటాయింపు 2020 నుంచి వేలం దారిలో సాగుతోంది. మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి సహా నాలుగు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. గనులు ప్రైవేటుకు పోతే వర్తకుడికి ఏమవుతుందన్నది ఇప్పటివరకు కార్మిక సంఘాల వాదనలో ఒక వాక్యంగానే మిగిలింది. లాభాల వాటా పంచే ఆనవాయితీ సింగరేణిది. వేలంలో బ్లాకు పాడుకున్న ప్రైవేటు కంపెనీకి ఆ కట్టుబాటు లేదు. ఈ ఒక్క విషయం చాలు, చాంబర్ ఈ చర్చలో సొంత గొంతుతో నిలబడాలనడానికి.

జర్మనీలోని రూర్ లోయలో బొగ్గు తగ్గుముఖం పట్టిన తొలి ఏళ్లలోనే, 1962లో, బోకుమ్ పట్టణంలో పాత గని భూమి మీద ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ వెలిసింది, విశ్వవిద్యాలయమూ అదే దశకంలో తెరుచుకుంది. ఆ దేశపు చివరి గట్టి బొగ్గు గని మూతపడింది 2018లో. అంటే మార్పుకు అర్ధ శతాబ్దానికి పైగా వ్యవధి దొరికింది. ఓపెల్ 2014లో వెళ్లిపోయింది, విశ్వవిద్యాలయం ఉండిపోయింది. ఒకే పెద్ద కంపెనీ స్థానంలో మరో పెద్ద కంపెనీని తెచ్చుకుంటే పాత ఇరుకే మళ్లీ వస్తుందని రూర్ అనుభవం చెబుతోంది. 2022లో మొదలైన రామగుండం, మంచిర్యాల వైద్య కళాశాలలు ఆ దృష్టితో చూస్తే కొత్త గని కన్నా ఎక్కువ కాలం నిలిచే ఆధారాలు. సింగరేణి తన ఖాళీ భూముల్లో సౌర విద్యుత్ కేంద్రాలు పెడుతోంది. వాటికి మనుషులు తక్కువే కావాలి. బజారు బతకాలంటే ఆ భూముల్లో మరమ్మతు షెడ్లకు, గోదాములకు, చిన్న పరిశ్రమలకు కూడా ప్లాట్లు కావాలి. వినతి పత్రాల్లో ముందు వరుసలో ఉండాల్సిన కోరిక ఇది.

కొత్త గని వచ్చినా, ఉన్న గని విస్తరించినా పర్యావరణ అనుమతికి ముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 2006 సెప్టెంబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ముసాయిదా నివేదికను కలెక్టర్ కార్యాలయంలోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ, స్థానిక సంస్థల దగ్గరా ఎవరైనా చదువుకోవడానికి ఉంచాలి. ఉద్యోగాలెన్ని, స్థానికంగా కొనే సరుకెంత, గని ఆయుష్షు ఎన్నేళ్లు, మూసేశాక భూమి ఏమవుతుంది అన్న నాలుగు ప్రశ్నలను రాసి ఇచ్చే హక్కు కాసిపేటలోని చిన్న కిరాణా కొట్టు యజమానికి కూడా ఉంది. చాంబర్ సభ్యుడు కాకపోయినా ఉంది.